ఓటుతో మారే గవర్నరు, ఓటుకు అందని గవర్నరు

2025 నవంబరు 5, కార్తీక పౌర్ణమి. తెల్లవారకముందే గుళ్ల ముందు దీపాలు వెలిగాయి. అమీర్‌పేటలో మైత్రీవనం వెనుక సందుల్లో ఉన్న హాస్టళ్లలో మాత్రం సెల్‌ఫోన్లు వెలిగాయి. మనకు తెల్లవారే వేళకు అమెరికాలో ఇంకా 4వ తేదీ సాయంత్రం. వర్జీనియా, న్యూజెర్సీ రాష్ట్రాల గవర్నరు పదవులకు పోలింగు ముగిసి ఓట్లు లెక్కిస్తున్నారు.

అమీర్‌పేటకు ఆ లెక్కింపుతో ఏం పని? పని ఉంది. ఊళ్లో ఎకరమో అరెకరమో అమ్మి, లేదా మిత్తికి తెచ్చి, కంప్యూటరు కోర్సులకు పంపిన తల్లిదండ్రుల పిల్లలతో నిండిన పేట ఇది. వాళ్ల అన్నలూ అక్కలూ ఎందరో న్యూజెర్సీలో, వర్జీనియాలో ఉన్నారు. 2025 సెప్టెంబరు 19న అధ్యక్షుడు ట్రంపు కొత్త హెచ్‌-1బి వీసా దరఖాస్తుకు లక్ష డాలర్ల రుసుము విధించిన నాటి నుంచి ఈ సందుల్లో నిద్ర కరువైంది.

ఆ ఉదయం ఒక టీ కొట్టు దగ్గర నల్లగొండ జిల్లా రైతుకూలీ ఒకాయన కనబడ్డాడు. పంజగుట్ట నిమ్స్‌లో భార్యకు పరీక్షలు చేయించడానికి వచ్చి, కొడుకు హాస్టలు గదిలో రాత్రి తల దాచుకున్నాడు. అక్టోబరు చివర మొంథా తుపాను వానకు కౌలు చేలో పత్తి తడిసి నల్లబడిందని చెప్పాడు. కొడుకు ఫోనులో ఫలితాలు చూస్తుంటే తండ్రి అడిగాడు.

"ఆడ గవర్నర్‌ను జనమే ఓట్లేసి గెలిపిస్తరా?"

"అవ్ నాయినా."

"మరి గీ పంజగుట్ట పక్కన ఉన్న మన గవర్నర్‌కు ఓట్లెప్పుడు బిడ్డా?"

కొడుకు నవ్వాడు. "మనకు ఓట్లుండయ్ నాయినా. ఢిల్లీ నుంచి పంపుతరు."

"పంపుమని ఎవరడిగిన్రు?"

చుట్టూ ఉన్న కుర్రాళ్లందరూ నవ్వారు. కాని ఆ ప్రశ్నకు నవ్వు జవాబు కాదు. ఆ జవాబు వెతకడానికే ఈ వ్యాసం.

అక్కడ ఏం జరిగింది?

అమెరికా అధ్యక్ష ఎన్నిక 2024లో జరిగింది. 50 రాష్ట్రాలలో ఎక్కువ వాటికి గవర్నరు ఎన్నికలు ఆ తర్వాత రెండేళ్లకు, అంటే 2026లో వస్తాయి. మధ్యలో వచ్చే 2025లో గవర్నర్లను ఎన్నుకున్నవి రెండే: వర్జీనియా, న్యూజెర్సీ. కొత్త అధ్యక్షుడి ఏలుబడిపై జనం చెప్పే తొలి మాటగా అందరూ ఈ రెండు రాష్ట్రాల వైపు చూస్తారు.

ఆ తొలి మాట గట్టిగానే వినబడింది. వర్జీనియాలో డెమొక్రాటిక్‌ పార్టీ అభ్యర్థి ఆబిగైల్‌ స్పాన్‌బర్గర్‌కు నూటికి 57కు పైగా ఓట్లు పడ్డాయి. ఆ రాష్ట్రానికి ఆమె తొలి మహిళా గవర్నరు. న్యూజెర్సీలో అదే పార్టీకి చెందిన మైకీ షెరిల్‌ నూటికి 56కు పైగా ఓట్లతో గెలిచారు. వర్జీనియా దిగువసభలో 100 స్థానాలకు 64 డెమొక్రాట్లకు దక్కాయి.

గెలిపించింది ఏది? ఇంటి ఖర్చు. న్యూజెర్సీలో 2025 జూన్ నుంచి కరెంటు బిల్లులు ఐదో వంతుకు దగ్గరగా పెరిగాయి. కరెంటు ధరలు ఆపుతానన్నది షెరిల్‌ ప్రధాన వాగ్దానం. వర్జీనియాలో డేటా సెంటర్లు కోకొల్లలు. అవి తాగే కరెంటు భారం ఎవరి నెత్తిన పడాలన్నది అక్కడ ఎన్నికల ప్రశ్న అయింది. 2025 అక్టోబరులో గూగుల్‌ కంపెనీ విశాఖలో 1,500 కోట్ల డాలర్లతో డేటా సెంటరు పెడతానని ప్రకటించింది. భూమి, నీరు, కరెంటు ఎవరివి, లాభం ఎవరిది అని వర్జీనియా ఓటరు అడిగిన ప్రశ్న ఉత్తరాంధ్ర రైతుకూ అక్కరకు వస్తుంది.

పైగా ఆ అక్టోబరు 1 నుంచి నవంబరు 12 దాకా అమెరికా కేంద్ర ప్రభుత్వం బడ్జెటు లేక మూతబడింది. వర్జీనియాలో నివసించే కేంద్ర ఉద్యోగులకు జీతాలు ఆగాయి. నాలుగు కోట్ల మందికి పైగా పేదలకు అందే ఆహార సాయం నవంబరు మొదట్లో నిలిచిపోయింది. రేషను దుకాణం తలుపు మూసిన సర్కారుకు ఓటు పడదన్న సంగతి మన ఊళ్లో ముసలమ్మకూ తెలుసు.

కూలీ రేటు, గవర్నరు సంతకం

రైతుకూలీలు ప్రత్యేకించి తెలుసుకోవలసిన సంగతి ఇంకొకటి ఉంది. 2025లో వర్జీనియాలో కనీస వేతనం గంటకు 12 డాలర్ల 41 సెంట్లు. దాన్ని అంచెలంచెలుగా 15 డాలర్లకు పెంచే బిల్లును అక్కడి శాసనసభ 2024లో ఒకసారి, 2025లో మరోసారి ఆమోదించింది. రెండుసార్లూ అప్పటి రిపబ్లికన్‌ గవర్నరు గ్లెన్‌ యంగ్‌కిన్‌ వీటో చేశారు. వీటోను తోసిపుచ్చాలంటే మూడింట రెండు వంతుల బలం కావాలి. సభలో అంత బలం లేదు.

అంటే, జనం ఎన్నుకున్న గవర్నరు కూడా కూలి పెంపును కాలదన్నగలడు. కాని తేడా ఎక్కడుంది? ఆయన కాదన్నాడు, ఎందుకు కాదన్నాడో రాసి చెప్పాడు, బిల్లు గతి ఏమిటో జనానికి తెలిసింది. వర్జీనియా చట్టం ప్రకారం గవర్నరు వరుసగా రెండోసారి నిలబడరాదు. ఆ కుర్చీలో ఆయన పార్టీ మనిషినే మళ్లీ కూర్చోబెట్టాలా అన్నది మాత్రం ఓటరు చేతిలో ఉంది. ఓటరు వద్దన్నాడు.

అయితే గెలిచిన పార్టీ కూలీల పార్టీ అని ఎవరూ పొరబడరాదు. సంఘాల బలాన్ని దెబ్బకొట్టే చట్టం ఒకటి వర్జీనియాలో 1947 నుంచి ఉంది. దాన్ని పూర్తిగా రద్దు చేయనని స్పాన్‌బర్గర్‌ ఎన్నికల ముందే చెప్పారు. 2025 నాటికి ఆ రాష్ట్ర కనీస వేతన చట్టంలో వ్యవసాయ కూలీకి చోటే లేదు. సముద్రం దాటినా పొలంలో వంగిన నడుముకు విలువ అంతంత మాత్రమే!

మన వాళ్లు గెలిచారన్న సంబరం

అమీర్‌పేటలో ఎక్కువ సంబరం గజాలా హష్మీ గెలుపుకు. 1964లో హైదరాబాదులో పుట్టి, నాలుగేళ్ల వయసులో అమెరికా వెళ్లి, కళాశాలలో దాదాపు 30 ఏళ్లు పాఠాలు చెప్పిన ఆమె వర్జీనియా లెఫ్టినెంటు గవర్నరుగా ఎన్నికయ్యారు. మేరీల్యాండులో హైదరాబాదులోనే పుట్టిన అరుణా మిల్లర్ 2022లో అదే పదవికి గెలిచారు.

సంతోషమే. వలస వచ్చిన ముస్లిం మహిళను అక్కడి జనం నెత్తిన పెట్టుకోవడం చిన్న సంగతి కాదు. కాని వీసా రుసుము రాష్ట్ర గవర్నరు చేతిలో లేదు, అది కేంద్రం పని. దిగుమతి సుంకమూ అంతే. 2025 ఆగస్టులో ట్రంపు మన సరుకులపై సుంకాన్ని 50 శాతానికి పెంచితే, మన కేంద్రం బట్టల మిల్లులను ఆదుకునే పేరుతో విదేశీ పత్తిపై 11 శాతం సుంకం ఎత్తేసింది. మొదట సెప్టెంబరు దాకా అని, తర్వాత డిసెంబరు చివరి దాకా పొడిగించింది. సరిగ్గా మన పత్తి మార్కెట్‌కు వచ్చే నెలలవి! ఒక పక్క తుపాను, మరో పక్క ఈ దెబ్బ. టీ కొట్టు దగ్గరి పెద్దాయన నల్లబడిన పత్తికీ ఆ ఎన్నికకూ ఉన్న బంధం ఇదే.

మనకెందుకు ఓటు లేదు?

ఇక పెద్దాయన ప్రశ్నకు వద్దాం. పంజగుట్ట నుంచి కొద్ది దూరం నడిస్తే సోమాజిగూడలో గవర్నరు నివాసం. ఆ గేటు లోపల ఎవరుండాలో తెలంగాణలో ఒక్క ఓటరూ చెప్పలేడు.

నిజానికి మొదట అనుకున్నది ఇది కాదు. 1947లో రాజ్యాంగ సభ గవర్నరును వయోజన ఓటుతో ఎన్నుకోవాలనే పద్ధతికి ఒప్పుకున్నది. 1949 మే చివరలో ఆ నిర్ణయం తిరగబడింది. జనం ఓట్లతో ముఖ్యమంత్రీ వచ్చి, జనం ఓట్లతో గవర్నరూ వస్తే ఒక ఒరలో రెండు కత్తులు ఇమడవన్నారు. కాబట్టి రాష్ట్రపతి నియమించాలి, గవర్నరు మంత్రివర్గం సలహాపై నడుచుకునే పెద్దమనిషిగా ఉండాలి అన్నారు. వాదనలో పస లేకపోలేదు. కాని ఆ పెద్దమనిషి ఢిల్లీ మాట విని కత్తి దూస్తే ఏమిటి?

1984 పాఠం

ఏమిటో తెలుగువాడికి 1984 ఆగస్టు 16న తెలిసింది. జనం ఓట్లతో వచ్చిన ఎన్‌.టి.రామారావు ప్రభుత్వాన్ని గవర్నరు రాంలాల్ బర్తరఫ్ చేసి, నాదెండ్ల భాస్కరరావును గద్దెనెక్కించారు. బలం ఉందో లేదో శాసనసభలో తేల్చుకుంటానన్న మాట వినిపించుకోలేదు. రాష్ట్రం భగ్గుమంది. వామపక్షాలు, ఇతర ప్రతిపక్షాలు, విద్యార్థులు, కూలీలు వీధుల్లోకి వచ్చారు. ఆ నెలాఖరుకల్లా రాంలాల్ పదవి వదిలారు. శంకర్ దయాళ్ శర్మ గవర్నరుగా వచ్చారు. సెప్టెంబరు 16న రామారావు మళ్లీ ప్రమాణం చేశారు. సరిగ్గా నెల రోజులు! బ్యాలెట్టు పెట్టె లేని చోట జనం కాళ్లతో నడిచి ఓటేశారు.

ఆగిన బిల్లులు

ఇప్పుడు ప్రభుత్వాన్ని కూలదోయనక్కర లేదు. బిల్లును బీరువాలో పెడితే చాలు. 2023 మార్చిలో తెలంగాణ ప్రభుత్వం పది బిల్లులు గవర్నరు వద్ద ఆగాయని సుప్రీంకోర్టు గడప ఎక్కింది. వాటిలో వ్యవసాయ విశ్వవిద్యాలయం, పంచాయతీరాజ్ సవరణ బిల్లులూ ఉన్నాయి. కేసు పడ్డాకనే కొన్నిటికి కదలిక వచ్చింది.

2025 మార్చిలో బీసీలకు విద్య, ఉద్యోగాలలోనూ స్థానిక సంస్థలలోనూ 42 శాతం రిజర్వేషనుకు శాసనసభ బిల్లులు ఆమోదించింది. అవి గవర్నరు ద్వారా రాష్ట్రపతి వద్దకు వెళ్లాయి. సెప్టెంబరులో ప్రభుత్వం జీవో ఇస్తే అక్టోబరులో హైకోర్టు నిలిపివేసింది. డిసెంబరు 11, 14, 17 తేదీలలో పంచాయతీ ఎన్నికలు జరిగేనాటికి బిల్లులకు ఆమోదం రాలేదు. గొల్ల, గౌడ, చాకలి, మంగలి ఇళ్లలో సర్పంచు కావలసిన మనుషులెందరో ఆ సంతకం కోసం చూసి చూసి ఊరుకున్నారు.

వర్జీనియా ఫలితాలు వచ్చిన పదిహేను రోజులకు, అదే నవంబరు 20న, సుప్రీంకోర్టు అయిదుగురు న్యాయమూర్తుల ధర్మాసనం తన అభిప్రాయం చెప్పింది. గవర్నరు బిల్లుపై ఇన్నాళ్లలో తేల్చాలని కోర్టు గడువు పెట్టలేదన్నది. కారణం చెప్పకుండా మరీ దీర్ఘకాలం తొక్కిపెడితే మాత్రం కోర్టు పరిమితంగా కల్పించుకోవచ్చన్నది. అంతకుముందు ఏప్రిల్‌ 8న తమిళనాడు కేసులో ఇద్దరు న్యాయమూర్తులు పెట్టిన గడువులు అలా ఎగిరిపోయాయి. "మరీ దీర్ఘకాలం" అంటే ఎంత? కూలి పని దొరకని రోజుకు ఆ లెక్క ఒకటి, ఏసీ గదిలోని బీరువాకు ఇంకొకటి.

చేయవలసింది

గవర్నరుకు ఎన్నికలు పెట్టండని మనం అడగనక్కర లేదు. రెండు కత్తుల వాదన మనకూ తెలుసు. కాని ఓటు లేని పదవికి వీటో ఉండరాదు, బిల్లును పాతిపెట్టే హక్కు ఉండరాదు అని అడగాలి. బిల్లుపై ఆరు నెలల్లో తేల్చాలని కేంద్ర, రాష్ట్ర సంబంధాలపై వేసిన పూంఛీ కమిషను 2010లోనే చెప్పింది. దాన్ని రాజ్యాంగంలో రాయించాలి. ప్రతి కూలీసంఘం, ప్రతి గ్రామసభ ఈ తీర్మానం చేయవచ్చు. కూలి పెంపు కాగితమైనా, భూమి చట్టమైనా, రిజర్వేషను బిల్లయినా చివరికి ఆ గేటు దాటి రావలసిందే కదా!

2025 చివరలో కేంద్ర హోంశాఖ చెప్పిన మీదట రాజ్‌భవన్‌లు లోక్‌భవన్‌లయ్యాయి. సోమాజిగూడలోనూ పేరు మారింది. లోక్‌భవన్‌ అంటే జనం ఇల్లు. జనం ఇంట్లో జనం పంపిన కాగితం నెలల తరబడి దుమ్ము పట్టి ఉంటే, మారింది బోర్డు ఒక్కటే.

"పంపుమని ఎవరడిగిన్రు?" అన్నాడు పెద్దాయన. పంపిన వాళ్లను అడిగే రోజు మాత్రం మనకూ ఉంది. అది ఢిల్లీకి ఓటేసే రోజు. ఆ రోజు దాకా ఈ ప్రశ్న మరచిపోకుండా ఉండాలి.