మీకు తెలుసా? పెన్ను పట్టిన తాబేలు

విడిభాగాలు బిగించి, ప్రోగ్రాం రాసి పిల్లలే నడిపించే లెగో మైండ్‌స్టార్మ్స్ రోబో కిట్ 1998లో వచ్చింది. ఆ పేరు అమెరికాలోని ఎంఐటీ ఆచార్యుడు సీమోర్ పాపర్ట్ 1980లో ప్రచురించిన పుస్తకానిది. ఆయన, సహచరులు కలిసి 1967లోనే పిల్లల కోసం ‘లోగో’ అనే ప్రోగ్రామింగ్ భాషను తయారుచేశారు. కొన్నేళ్లకే ఆ భాషలో చెప్పినట్టు నేల మీద తిరిగే ‘తాబేలు’ రోబో వచ్చింది. దాని పొట్ట కింద పెన్ను! కదిలిన దారంతా కాగితం మీద గీత పడేది.

ఆ తాబేలుతో సమబాహు త్రిభుజం గీయించాలంటే? కోణం 60 డిగ్రీలే కదా అని చాలామంది పిల్లలు ప్రతి మూలలోనూ 60 తిప్పమంటారు. మూడు గీతలు పడతాయి గానీ త్రిభుజం మూసుకోదు. అలాగే సాగనిస్తే షడ్భుజి వస్తుంది! ఇక్కడ పెద్దలు చటుక్కున జవాబు చెప్పేయకూడదు. పిల్లల్నే తాబేలులా గదిలో నడిచి చూడమనాలి. ఒక చుట్టు పూర్తయి మొదటి దిక్కుకే ముఖం తిరగాలంటే మొత్తం 360 డిగ్రీలు తిరగాలి. మూలలు మూడే కాబట్టి ఒక్కోచోట 120. నేటి రెండు చక్రాల రోబో బొమ్మకూ ఇదే లెక్క. ఒక చక్రం ముందుకు, రెండోది వెనక్కు తిరిగితే అది ఉన్నచోటే మలుపు తీసుకుంటుంది.