తలుపు తీసేముందు, పని ఒప్పజెప్పేముందు

"ఇల్లు కట్టి చూడు, పెళ్లి చేసి చూడు" అని మనవాళ్ళ సామెత. మా నాన్నవైపు వాళ్ళు ఇదే మాటని కన్నడంలో "మనె కట్టి నోడు, మదువె మాడి నోడు" అంటారు. రెండు భాషలూ ఒకే మాట చెప్తున్నాయంటే అనుభవం గట్టిదే అయ్యుండాలి. మనమెవరం ఇప్పుడే ఇల్లు కట్టబోవట్లేదు, సరే. కానీ బొమ్మనహళ్ళిలో అద్దె ఇంట్లో ఉన్నా, సొంతింట్లో ఉన్నా ఏడాదికి నాలుగైదుసార్లు పనివాళ్ళని పిలవక తప్పదు. కొళాయి కారుతుంది, గీజర్ పనిచేయదు, వానలొస్తే గోడ నెమ్మెక్కుతుంది. అమ్మానాన్నలు పనికి వెళ్ళాక తలుపు తీసేది మనమే. "నువ్వు ఇంట్లోనే ఉన్నావుగా, కాస్త దగ్గరుండి చేయించు" అని చెప్పేసి వెళ్ళిపోతారు. దగ్గరుండి ఏం చూడాలో మాత్రం ఎవరూ చెప్పరు. అది చెప్పడానికే ఈ వ్యాసం.

వచ్చినవాళ్ళని అనుమానంగా చూసినంతమాత్రాన మనం భద్రంగా ఉన్నట్టు కాదు. పని తెలిసినవాళ్ళని పిలవాలి, మాట ముందే తేల్చుకోవాలి, మన ప్రాణంతోపాటు వాళ్ళ ప్రాణం కూడా చూసుకోవాలి. ఈ మూడూ కలిస్తేనే భద్రత.

ఎవరిని పిలవాలి?

మన ఏరియాలో పనివాళ్ళు దొరికే దారులు నాలుగు. పక్కింటివాళ్ళు చెప్పినవాళ్ళు, హార్డ్‌వేర్ షాపు చెప్పినవాళ్ళు, ఫోన్ యాప్ ద్వారా వచ్చేవాళ్ళు, పొద్దున్నే సర్కిల్ దగ్గర కూలికోసం నిలబడేవాళ్ళు. తెలిసినవాళ్ళు చెప్పిన మనిషే నయం. అయినా "మంచోడేనా?" అని అడిగి ఊరుకోకండి. "మీ ఇంట్లో ఏం పని చేశాడు? ఎన్నాళ్ళైంది? ఇప్పటికి బాగుందా? ముందు చెప్పినంతే తీసుకున్నాడా?" అని అడగండి. గోడకి రంగు బాగా వేసినతను బాత్‌రూమ్ లీకు బాగా చేస్తాడని లేదు.

ఫ్రిజ్‌కో వాషింగ్ మెషీన్‌కో ఏదైనా అయితే చాలామంది కంపెనీ పేరు నెట్‌లో కొట్టి, మొదట కనిపించిన కస్టమర్ కేర్ నంబరుకి ఫోన్ చేస్తారు. అలా కనిపించేవాటిలో దొంగ నంబర్లు కూడా ఉంటాయి. బిల్లు మీద, వారంటీ కార్డు మీద ఉన్న నంబరునే నమ్మండి. అవతలివాళ్ళు ఫోన్‌లో ఏదైనా యాప్ వేసుకోమన్నా, "డబ్బు వాపసు రావాలంటే పిన్ కొట్టండి" అన్నా వెంటనే పెట్టేయండి. యూపీఐ పిన్ డబ్బు పంపడానికే, తీసుకోవడానికి అక్కర్లేదు. ఒకవేళ డబ్బు పోతే ఆలస్యం చేయకుండా 1930కి ఫోన్ చేయాలి.

మాట ముందే తేల్చుకోవాలి

పని ఇచ్చే పద్ధతులు రెండు. ఒకటి రోజుకూలి, రెండోది గుత్త, అంటే మొత్తం పనికి ఇంత అని. రోజుకూలిలో పని సాగుతుందని భయం, గుత్తలో పని తొందరగా చుట్టేస్తారని భయం. చిన్న రిపేరుకి కూలి, పెద్ద పనికి గుత్త మేలని ఇంట్లో పెద్దవాళ్ళు అంటారు. ఏదైనా సరే, సామాను ఎవరు తెస్తారు, ఏ కంపెనీది, చెత్త ఎవరు ఎత్తాలి, ఎన్ని రోజులు పడుతుంది అన్నవి పని మొదలవక ముందే కాగితం మీద రాసుకోవాలి.

మన దగ్గర ఇది ఇంకా అవసరం. ఇక్కడ మేస్త్రీది తెలుగు, హెల్పర్‌ది హిందీ, ఇంటి ఓనర్‌ది కన్నడం అయ్యుండొచ్చు. కన్నడంలో "గారె కెలస" అంటే తాపీపని. మా అమ్మమ్మకి గారె అంటే తినేదే! ఇలాంటిది నవ్వుకోవడానికి బాగుంటుంది కానీ, "లోపల గోడ ఒక్కటే" అన్నది "లోపల గోడలన్నీ" అని అర్థమైతే జేబుకి చిల్లే. కాగితం లేకపోతే మాట్లాడుకున్నదంతా వాట్సాప్‌లో ఒక మెసేజ్‌గా పెట్టి, "సరే" అని జవాబు తీసుకుంటే చాలు. అద్దె ఇల్లైతే పిలిచేముందే ఓనర్‌కి కూడా మెసేజ్ పెట్టండి. రిపేరు ఖర్చు ఎవరిదో అగ్రిమెంట్‌లో చూసుకోండి.

డబ్బు ఎప్పుడూ పని వెనకే నడవాలి. మా వీధిలో ఒకళ్ళు బాత్‌రూమ్ పనికి సగానికి పైగా అడ్వాన్సు ఇచ్చేశారు. పాత టైల్సు పగలగొట్టాక అతను మళ్ళీ రాలేదు. నెలరోజులు ఆ ఇంటివాళ్ళు స్నానానికి పైపోర్షన్‌కి వెళ్ళారు. అందుకే విడతలు పెట్టుకోవాలి. 20,000 పని అనుకుందాం. సామానుకి 5,000, పైపులు మార్చి లీకు లేదని చూపించాక 5,000, టైల్సు వేశాక 5,000, చివరి 5,000 పరీక్ష అయ్యాకే. పరీక్ష అంటే పెద్ద విద్యేం కాదు. బాత్‌రూమ్ నీళ్ళుపోయే దారి మూసి, నేలమీద నీళ్ళు నిలబెట్టి 24 గంటలు ఉంచాలి. కింది కప్పు తడవకపోతే పని బాగున్నట్టు. టైల్సు మూసేముందు పైపులు ఎక్కడెక్కడ వెళ్తున్నాయో ఫోటో తీసి పెట్టుకోండి. రేపు మేకు కొట్టేటప్పుడు ఆ ఫోటోనే కాపాడుతుంది.

రోజుకూలికి వచ్చినవాళ్ళ సంగతి వేరు. వాళ్ళ డబ్బు ఆ సాయంత్రమే ఇచ్చేయాలి. మోసపోయేది ఎప్పుడూ ఇంటివాళ్ళే కాదు, కూలి ఎగ్గొట్టే ఇంటివాళ్ళూ ఉన్నారు.

కరెంటు పని వేరే

బల్బు, ఫ్యాను, పాడైన స్విచ్ - ఇలా ఉన్నదాని స్థానంలో అలాంటిదే పెట్టడానికి లైసెన్సు అక్కర్లేదు. కానీ కొత్త లైను లాగడం, ఏసీకి గీజర్‌కి కొత్త పాయింటు పెట్టడం లాంటివి లైసెన్సు ఉన్న ఎలక్ట్రికల్ కాంట్రాక్టర్ ద్వారానే జరగాలని కేంద్ర విద్యుత్ ప్రాధికార సంస్థ నిబంధనలు చెప్తున్నాయి. మన రాష్ట్రంలో ఆ లైసెన్సులు ఎలక్ట్రికల్ ఇన్‌స్పెక్టరేట్ ఇస్తుంది. "లైసెన్సు చూపిస్తారా అన్నా?" అని అడగడానికి మొహమాటం వద్దు. మీటరుకి అవతల, అంటే స్తంభం వైపు వైరుని ప్రైవేటు మనిషి ముట్టుకోకూడదు. అది బెస్కాం వాళ్ళ పని, నంబరు 1912.

ఎందుకింత పట్టింపు? 2000 వాట్ల గీజర్ 230 వోల్టుల దగ్గర దాదాపు 9 ఆంపియర్ల కరెంటు లాగుతుంది. దాన్ని ఫోన్ చార్జర్ పెట్టే 6 ఆంపియర్ల సాకెట్‌కి కలిపితే ముందు ప్లగ్ నల్లబడుతుంది, తర్వాత కాలుతుంది. పెద్ద 16 ఆంపియర్ల సాకెట్, దానికి తగ్గ లావు వైరు, ఎర్తింగు తప్పనిసరి. ప్లగ్‌లో లావుగా, పొడుగ్గా ఉండే మూడో పిన్ను ఎర్తింగుది. దాన్ని విరిచి రెండు పిన్నుల మీద నడిపించే మనిషికి పని ఇవ్వకండి.

ఇంకో మాట. బోర్డులో ఎంసీబీ ఉంది కదా అని ధీమాగా ఉంటాం. ఎంసీబీ కాపాడేది వైరుని. మనిషిని కాపాడేది ఆర్‌సీసీబీ. వెళ్ళిన కరెంటుకి, తిరిగొచ్చిన కరెంటుకి 30 మిల్లీఆంపియర్ల తేడా వస్తే, ఎవరికో షాక్ కొడుతోందన్నట్టు రెప్పపాటులో లైను కట్ చేస్తుంది. దానిమీద టెస్ట్ బటన్ ఉంటుంది. అప్పుడప్పుడు నొక్కి చూడండి. పడిపోకపోతే దాన్ని మార్చాలి.

వైరు, స్విచ్, సాకెట్ ఏది కొన్నా ఐఎస్‌ఐ మార్కు చూడండి. మార్కు దగ్గరున్న లైసెన్సు నంబరు నిజమో కాదో బీఐఎస్ కేర్ యాప్‌లో కొట్టి చూసుకోవచ్చు.

ఇంట్లో ఒక్కరమే ఉన్నప్పుడు

వీలైతే పనిని ఇంకొకరు ఇంట్లో ఉండే రోజుకి పెట్టుకోండి. కుదరకపోతే పక్కింటి ఆంటీకో, పైపోర్షన్ అక్కకో "ప్లంబర్ వస్తున్నాడు, కాస్త చూస్తూ ఉండండి" అని చెప్పండి. వచ్చినతని పేరు, నంబరు ఇంట్లోవాళ్ళకి మెసేజ్ పెట్టండి. యాప్‌లో పిలిచితే ముందు ఫోటోతో ముఖం సరిచూసి, ఆ తర్వాతే ఓటీపీ చెప్పండి. పని జరిగినంతసేపు వీధి తలుపు తీసి ఉంచి, మీరు తలుపువైపు ఉండండి. "ఇంట్లో ఎవరెవరు ఉంటారు?" అని అడిగితే నిజమే చెప్పాలని లేదు, "నాన్న వస్తున్నారు" అంటే చాలు.

పిలవకుండానే "గ్యాస్ చెకింగ్", "ఫిల్టర్ సర్వీసు" అంటూ వచ్చేవాళ్ళకి తలుపు తీయనక్కర్లేదు. బయటే నిలబెట్టి ఆఫీసుకి ఫోన్ చేసి కనుక్కోండి. నిజమైనవాళ్ళైతే ఆగుతారు. వచ్చినతని మాట, చూపు ఇబ్బందిగా అనిపిస్తే కారణం వెతుక్కుంటూ కూర్చోకండి. "ఇవాళ వద్దు, రేపు రండి" అని బయటికి నడవండి. పని ఆగినా ఫర్వాలేదు. అవసరమైతే 112.

ఈ నియమాలు వచ్చే ప్రతి ఒక్కరికీ ఒకేలా పెట్టుకుంటే ఎవరినీ అవమానించినట్టు కాదు. తలుపు తెరిచి ఉంచి, "అన్నా, మంచినీళ్ళు తాగుతారా?" అని కూడా అడగొచ్చు. జాగ్రత్తకీ మర్యాదకీ గొడవ లేదు.

వాళ్ళ ప్రాణం సంగతి

2018 జనవరిలో మన పక్కనే, సోమసుందరపాళ్యలో ఒక అపార్ట్‌మెంట్ మురుగునీటి ట్యాంకులో ముగ్గురు పనివాళ్ళు చనిపోయారు. మూసి ఉన్న ట్యాంకులో విషవాయువులుంటాయి, ఆక్సిజన్ ఉండదు. దిగినవాడు రెండు మూడు నిమిషాల్లోనే పడిపోవచ్చు. కాపాడదామని దిగిన రెండోమనిషికీ అదే గతి.

2013లో వచ్చిన చట్టం ప్రకారం సెప్టిక్ ట్యాంకులోకి, డ్రైనేజీలోకి రక్షణ లేకుండా మనిషిని దించడం నేరం. "నేను దిగమనలేదు, కాంట్రాక్టరే దించాడు" అన్నా కుదరదు, నేరుగా పెట్టుకున్నా ఇంకొకరి ద్వారా పెట్టుకున్నా తప్పే. మొదటిసారికే రెండేళ్ళదాకా జైలు, లేదా 2 లక్షలదాకా జరిమానా, లేదా రెండూ. ఇలా చనిపోయినవారి కుటుంబానికి పరిహారం 10 లక్షల నుంచి 30 లక్షలకి పెంచాలని 2023 అక్టోబరులో సుప్రీంకోర్టు చెప్పింది. ఈ పని మనుషుల చేత చేయించకూడదని జీవితమంతా పోరాడుతున్న బెజవాడ విల్సన్ గారు మన కోలార్ గోల్డ్ ఫీల్డ్స్‌లోనే పుట్టారు. 2016లో ఆయనకి మెగసెసే అవార్డు వచ్చింది. కాబట్టి ట్యాంకు నిండితే మెషీన్ బండినే పిలవాలి. మెషీన్ కన్నా మనిషి చవగ్గా వస్తాడని ఎవరైనా అంటే, వద్దని చెప్పగలగాలి. వీధి డ్రైనేజీ పొంగితే జలమండలి నంబరు 1916.

చిన్న పనుల్లోనూ ఇంతే. సంపు కడిగేముందు మోటారు స్విచ్ ఆపి, ప్లగ్ పీకేయాలి. గోడ తొలిచేముందు మెయిన్ ఆపి, ఎవరూ వేయకుండా స్విచ్‌కి కాగితం అంటించాలి. మన సందుల్లో కరెంటు తీగలు బాల్కనీకి చెయ్యి చాపేంత దూరంలో ఉంటాయి, అక్కడ ఇనుప నిచ్చెన వేయనివ్వకూడదు. బయటిగోడకి రంగు వేసే మనిషికి బెల్టు, తాడు లేకపోతే పని మొదలుపెట్టనివ్వకూడదు.

గొడవ వస్తే

ముందు ఫోటోలతో సహా మెసేజ్ పెట్టి, సరిచేయడానికి గడువు ఇవ్వండి. వినకపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915. అదీ కాకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్. రెండేళ్ళలోపు ఫిర్యాదు చేయాలి. చెల్లించిన విలువ 5 లక్షలలోపు ఉంటే ఫీజు లేదు. కానీ అక్కడ అడిగేది బిల్లు, మెసేజ్, పేమెంట్ రుజువు. అందుకే నగదు ఇచ్చినా ఒక చీటీ మీద సంతకం తీసుకోండి.

ఈ నంబర్లు రాసి ఫ్రిజ్ మీద అంటించుకోండి: అత్యవసరం 112, మహిళా హెల్ప్‌లైన్ 181, సైబర్ మోసం 1930, గ్యాస్ లీకు 1906, బెస్కాం 1912, జలమండలి 1916, వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915. మంచి పని చేసిన ప్లంబర్ అన్న నంబరు కూడా వాటికిందే రాయండి. పక్కింటివాళ్ళు అడిగినప్పుడు ఇవ్వడానికి పనికొస్తుంది.