పాట పాడే తుప్పు!

1966 డిసెంబరు 15. మద్రాసు విజయా గార్డెన్స్ రికార్డింగ్ థియేటర్లో ఇరవై ఏళ్ల కుర్రాడొకడు 'శ్రీశ్రీశ్రీ మర్యాద రామన్న' కోసం తన మొదటి సినిమా పాట పాడాడు. పాడించినవారు ఎస్.పి. కోదండపాణి. పాట ఓకే అయింది. అప్పుడు కోదండపాణిగారు సౌండ్ ఇంజనీరు స్వామినాథన్‌గారిని ఒక చిన్న సాయం అడిగారట. ఆ టేపును చెరపకుండా కొంతకాలం అట్టే పెట్టమనీ, వచ్చే పోయే సంగీత దర్శకులకు వినిపించమనీ! ఆ కుర్రాడెవరో చెప్పాలా? మన బాలు! ఆయనే ఎంతో కృతజ్ఞతగా చెప్పుకున్న ముచ్చట ఇది.

ఇది విన్నప్పుడల్లా నా దృష్టి 'చెరపకుండా' అన్న మాట మీదికే పోతుంది. అంత కష్టపడి పాడిన పాటను చెరపడమేమిటి? ఏం చేస్తారు మరి, టేపు ఖరీదైన సరుకు. పాటను సౌండ్ నెగెటివ్ మీదికి ఎక్కించేశాక అదే టేపు ఇంకో పాటకి పనికొస్తుంది. గ్రామఫోన్ రికార్డు మీద గాడి పడితే పడినట్టే. టేపు అలా కాదు, పలకలాంటిది!

ఇంతకీ టేపంటే ఏమిటనుకున్నారు? ప్లాస్టిక్ రిబ్బను మీద పూసిన తుప్పు! వేళాకోళం కాదు సుమా. ఇనుప ఆక్సైడును మెత్తని పొడిచేసి, జిగురులో కలిపి పూస్తారు. జర్మనీలో ఫ్రిట్జ్ ఫ్లోయ్‌మర్ అనే ఆయన సిగరెట్ కాగితాలకు లోహపు పట్టీలు వేసే విద్యలో ఆరితేరినవాడు. ఆ అనుభవంతోనే 1928లో కాగితం మీద ఇనుప పొడి పూసి టేపు తయారుచేశాడు. 1935లో బెర్లిన్ రేడియో ప్రదర్శనలో ఏ.ఇ.జి. కంపెనీ మాగ్నెటోఫోన్ యంత్రాన్ని జనానికి చూపించింది.

మైకు ముందు పాడిన పాట కరెంటుగా మారి, రికార్డింగ్ హెడ్‌కి చుట్టిన తీగలోకి వస్తుంది. హెడ్ అంటే ఉంగరం లాంటి విద్యుదయస్కాంతం. ఆ ఉంగరం ఒకచోట తెగి, వెంట్రుక కంటే సన్నని సందు ఉంటుంది. అయస్కాంత శక్తి ఆ సందులోంచి బయటికి పొంగుతుంది. టేపు దాన్ని రాసుకుంటూ పోతుంది. రేణువులు జిగురులో ఉన్నచోటే ఉంటాయి, వాటి అయస్కాంత దిశ మాత్రం ఆ క్షణంలో గొంతు ఎలా ఉంటే అలా నిలిచిపోతుంది. వినేటప్పుడు అంతా తిరగబడుతుంది. రేణువులు హెడ్ ముందునుంచి పోతుంటే తీగలో చిటికెడు కరెంటు పుడుతుంది. దాన్ని పెంచితే పాట!

అయితే ఈ రేణువులు మహా మొండివి. చిన్న తోపుకి కదలవు. గట్టిగా అరిస్తే సరేగానీ, మెల్లని కూనిరాగం పాడితే బండబారిపోతుంది. దీనికి మందు 1940లో జర్మనీలోనే దొరికింది. వాల్టర్ వెబర్ అనే ఇంజనీరు అనుకోకుండా కనిపెట్టాడు. పాటతోపాటు చెవికి అందని అతివేగపు కరెంటును కూడా కలపాలి. క్యాసెట్ రికార్డర్లో అది సెకనుకి సుమారు లక్షసార్లు ఊగుతుంది. బురదలో దిగబడ్డ బండిని ముందు అటూ ఇటూ ఊపి, ఆ ఊపులో తోస్తామే, అదే కిటుకు. చెరిపే హెడ్ కూడా ఊపుతుంది, ఇంకా గట్టిగా. కానీ పాట దిక్కు చూపదు. ఊపు తగ్గేసరికి రేణువులు తలో దిక్కూ తిరిగి కూర్చుంటాయి. పాట మాయం!

ఇక వేగం. క్యాసెట్‌లో టేపు సెకనుకి 4.76 సెంటీమీటర్లు నడిస్తే, స్టూడియో స్పూలు 38 సెంటీమీటర్లు పరుగెడుతుంది. సుశీలగారు 'స' అన్నప్పుడు వినిపించే సన్నని ఈలలో సెకనుకి పదివేల అలలుంటే, క్యాసెట్ మీద ఒక్కో అల పొడవు మిల్లీమీటరులో రెండొందల వంతు! స్పూలు మీద దానికి ఎనిమిది రెట్ల చోటు. హెడ్‌కి కాస్త మురికి పట్టినా ముందు పోయేది ఈ ఈలే. పాత క్యాసెట్టు కంబళి కప్పుకుని పాడినట్టుండటానికి ఇదొక కారణం.

అన్నట్టు, 1986లో కృష్ణగారి 'సింహాసనం' 70 ఎం.ఎం.లో ఆరు ట్రాకుల ధ్వనితో అదరగొట్టింది గుర్తుందా? మీకు కాకపోతే మీ నాన్నగారికి ఉంటుంది. 70 ఎం.ఎం. ప్రింట్లలో ఆ ధ్వని ఫిల్ము అంచుల వెంట పూసిన మాగ్నెటిక్ పట్టీల్లో ఉండేది. ఆట ఆటకీ ఆ పట్టీ అరిగేది కూడా!

అరగడం ఒక్కటే కాదు. చుట్టలో పొరమీద పొర పడి ఏళ్లు గడిస్తే, ఒక పొరలోని పాట పక్క పొరకి అంటుకుంటుంది. పల్లవికి ముందు నిశ్శబ్దంలో అదే పల్లవి దయ్యంలా సన్నగా వినిపిస్తుంది. తేమకి జిగురు కరిగి హెడ్‌కి పట్టేస్తుంది. అసిటేట్ మీద పూసిన పాత మాగ్నెటిక్ ఫిల్ము డబ్బా మూత తీస్తే గుప్పుమని వెనిగర్ వాసన కొడుతుంది. ఆ వాసనొచ్చిందంటే దానికి ఆయువు తగ్గుతున్నట్టే.

సినిమా పాటలకి రికార్డులున్నాయి, ప్రింట్లున్నాయి. నా బెంగ మీ బీరువా అడుగున ఉన్న క్యాసెట్ గురించి. మీ అమ్మమ్మ పాడిన మంగళహారతి, తాతగారి పద్యం దాంట్లో ఉంటే అది ఒకే ఒక్క కాపీ! తెల్లటి బూజు కనిపిస్తే మాత్రం డెక్కులో పెట్టకండి, తెలిసినవారికి చూపించండి. బాగుంటే హెడ్ శుభ్రం చేసిన మంచి డెక్కులో వేసి కంప్యూటర్‌లోకి ఎక్కించండి. అన్నిటికంటే ముందు క్యాసెట్ వెనక అంచున రెండు చిన్న ప్లాస్టిక్ రెక్కలుంటాయి చూడండి, వాటిని విరగ్గొట్టేయండి. ఇక రికార్డ్ మీట నొక్కినా కిందికి దిగదు.