పిల్లలు టోర్నమెంట్‌కు సెలెక్ట్ అయ్యారా? రైలా, బస్సా, కారా.. గోదావరి జిల్లాల పేరెంట్స్ ఈ లెక్కలు తెలుసుకుంటే ఖర్చు సగం తగ్గినట్టే!

కోచ్ నుంచి వాట్సాప్ మెసేజ్ వస్తుంది. "మీ అమ్మాయి స్టేట్ మీట్‌కు సెలెక్ట్ అయింది." ఇంట్లో సంబరం. పది నిమిషాలు తిరక్కుండానే అసలు ప్రశ్న మొదలవుతుంది.. ఎలా వెళ్లాలి? ఎవరు వెళ్లాలి? ఎంత అవుతుంది?

రాజమండ్రి, భీమవరం, అమలాపురం, కాకినాడ.. గోదావరి జిల్లాల్లో ఏ ఊళ్లో చూసినా సాయంత్రం గ్రౌండ్ నిండా పిల్లలే. షటిల్, కబడ్డీ, వాలీబాల్, హాకీ, అథ్లెటిక్స్.. ఆటకు కొదవ లేదు. బ్యాడ్మింటన్ డబుల్స్‌లో వరల్డ్ నంబర్ వన్ ర్యాంకు దాకా వెళ్లిన సాత్విక్‌సాయిరాజ్ రంకిరెడ్డిది అమలాపురమే. ఆయన తండ్రి వ్యాయామ ఉపాధ్యాయుడిగా పనిచేశారు. 2023లో హాంగ్‌జౌలో చిరాగ్ శెట్టితో కలిసి ఆసియా క్రీడల గోల్డ్ కొట్టిన సాత్విక్ కూడా చిన్నప్పుడు ఊరూరా టోర్నీలు తిరిగి ఆడినవాడే. అయితే ఆ తిరగడానికయ్యే ఖర్చు దగ్గరే చాలా కుటుంబాలు వెనక్కి తగ్గుతాయి. ముఖ్యంగా ఆడపిల్లల విషయంలో.. తోడుగా ఒకరు వెళ్లాలి, ఆ ఒకరి ఖర్చూ కలుస్తుంది.

కానీ కాస్త ముందుచూపు ఉంటే ఈ ఖర్చు బాగా తగ్గుతుంది. ఎలాగో చూద్దాం..

ముందు అడగాల్సిన ప్రశ్న: ఖర్చు ఎవరిది?

టోర్నమెంట్లన్నీ ఒకటి కాదు. స్కూల్ గేమ్స్ ఫెడరేషన్ పోటీలు అండర్-14, అండర్-17, అండర్-19 విభాగాల్లో జరుగుతాయి. కింది స్థాయి నుంచి జిల్లా, రాష్ట్రం, జాతీయ స్థాయి దాకా మెట్లు ఉంటాయి. ఇక్కడ పిల్లలు టీమ్‌గా, మేనేజర్ వెంట వెళ్తారు. బస సాధారణంగా నిర్వాహకులే చూస్తారు. కాబట్టి ప్రయాణం, భోజనం, బస, జెర్సీ.. ఈ నాలుగింటిలో ఏవి వాళ్లు ఇస్తారు, ఏవి మనం పెట్టుకోవాలో పీఈటీ సార్‌ని సెలెక్షన్ రోజే అడిగేయాలి. అలా అడగకుండా కుటుంబం మొత్తం వెనకాల బయల్దేరితే ఆ ఖర్చంతా అదనమే.

అసోసియేషన్ టోర్నీలు, ర్యాంకింగ్ టోర్నీలు, అకాడమీలు పెట్టే పోటీల సంగతి వేరు. అక్కడ ఎంట్రీ ఫీజు నుంచి తిరుగు టికెట్ దాకా సాధారణంగా తల్లిదండ్రులదే.

ఇక మూడో రకం ఒకటుంది. పేరులో నేషనల్, ఇంటర్నేషనల్ అని ఉంటుంది. ప్యాకేజీ అంటారు, వేలల్లో కట్టమంటారు. ఆ సర్టిఫికెట్ రేపు స్పోర్ట్స్ కోటాలో పనికొస్తుందా? డబ్బు కట్టే ముందే తేల్చుకోవాలి. నిర్వహించే సంస్థకు గుర్తింపు ఉందో లేదో కేంద్ర క్రీడా శాఖ వెబ్‌సైట్‌లోని జాతీయ ఫెడరేషన్ల జాబితాలో చూడొచ్చు. జిల్లా క్రీడాధికార సంస్థ ఆఫీసులో అడగొచ్చు. ఏపీ ప్రభుత్వం కొత్త క్రీడా పాలసీలో ఉద్యోగాల స్పోర్ట్స్ కోటాను 2 నుంచి 3 శాతానికి పెంచింది. అందుకే సర్టిఫికెట్ విలువ తెలుసుకోకుండా వెళ్లడం రెండు విధాలా నష్టం. అక్కరకు రాని టోర్నీ ఒకటి మానుకుంటే ఆ డబ్బు మంచి టోర్నీకి మిగులుతుంది.

రాష్ట్రం లోపల అయితే.. తల్లీకూతుళ్లకు జీరో టికెట్

2025 ఆగస్టు 15 నుంచి ఏపీలో స్త్రీ శక్తి పథకం అమల్లోకి వచ్చింది. పల్లెవెలుగు, అల్ట్రా పల్లెవెలుగు, సిటీ ఆర్డినరీ, మెట్రో ఎక్స్‌ప్రెస్, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో రాష్ట్రం లోపల మహిళలు, బాలికలు, ట్రాన్స్‌జెండర్లకు ప్రయాణం ఉచితం. ఆధార్, ఓటరు కార్డు, రేషన్ కార్డు లాంటి ఏపీ చిరునామా ఉన్న గుర్తింపు కార్డు చూపిస్తే కండక్టర్ జీరో టికెట్ ఇస్తారు.

అంటే ఏంటి? రాజమండ్రి నుంచి విజయవాడకు అమ్మాయి ఆడటానికి వెళ్తే, తోడుగా అమ్మ వెళ్తే.. ఇద్దరికీ బస్ ఛార్జీ సున్నా. నిన్నటిదాకా "తోడు ఖర్చు ఎక్కడ పెడతాం" అని ఆగిన ఇంటికి ఇది పెద్ద వెసులుబాటు. అబ్బాయిల టీమ్ అయినా సరే, తోడుగా నాన్నకు బదులు అమ్మ వెళ్తే ఒక టికెట్ మిగిలినట్టే.

అయితే ఒక్క విషయం. అల్ట్రా డీలక్స్, సూపర్ లగ్జరీ, ఏసీ, నాన్‌స్టాప్ సర్వీసులకు, పక్క రాష్ట్రాలకు వెళ్లే బస్సులకు ఈ పథకం వర్తించదు. హైదరాబాద్, చెన్నై టోర్నీకి ఇది పనికిరాదు. బస్ ఎక్కే ముందు బోర్డు చూసుకోవాలి. తాతయ్య తోడు వెళ్తున్నారా? 60 ఏళ్లు దాటిన వారికి ఆర్టీసీ ఛార్జీలో 25 శాతం రాయితీ ఉంది. వయసు చూపించే కార్డు జేబులో ఉండాలి.

ఇంకో మాట. డబ్బు మిగులుతుంది కదా అని మ్యాచ్‌కు ముందు రోజు మూడు బస్సులు మార్చి పిల్లల్ని నిలబెట్టి తీసుకెళ్లొద్దు. వెళ్లేటప్పుడు హాయిగా, వచ్చేటప్పుడు పొదుపుగా.. ఇదీ సూత్రం.

రైలు రాయితీ ఉందనుకుంటున్నారా? జాగ్రత్త

"క్రీడాకారులకు రైల్లో 75 శాతం రాయితీ ఉంది కదా" అని ఇప్పటికీ చాలామంది అనుకుంటారు. ఒకప్పుడు ఉండేది. రాష్ట్ర, జాతీయ పోటీలకు వెళ్లేవారికి సెకండ్, స్లీపర్ క్లాసుల్లో 75 శాతం వరకు తగ్గింపు ఇచ్చేవారు. కరోనా సమయంలో, 2020 మార్చి 20 నుంచి రైల్వే చాలా రాయితీలను నిలిపేసింది. విద్యార్థులు, కొన్ని కేటగిరీల దివ్యాంగులు, రోగులకు మాత్రమే కొనసాగించింది. క్రీడాకారుల రాయితీ ఆ నిలిపేసిన వాటిలో ఉంది. కాబట్టి పాత సర్టిఫికెట్ ఫారం పట్టుకుని, రాయితీ వస్తుందన్న లెక్కతో బడ్జెట్ వేసుకోవద్దు. పూర్తి ఛార్జీతోనే లెక్క వేసుకోండి.

మరి రైల్లో మిగిలేదెక్కడ?

ఒకటి, తేదీ. రిజర్వేషన్ ప్రయాణానికి 60 రోజుల ముందు తెరుచుకుంటుంది. టోర్నీ షెడ్యూల్ వచ్చిన రోజే బుక్ చేస్తే మామూలు ఛార్జీ. ఆలస్యమైతే తత్కాల్.. అదనపు ఛార్జీ కట్టాలి, పైగా కన్ఫర్మ్ అయిన తత్కాల్ టికెట్ రద్దు చేసుకుంటే ఒక్క రూపాయి రాదు. ఆన్‌లైన్ తత్కాల్‌కు 2025 జులై నుంచి ఆధార్ ధ్రువీకరణ తప్పనిసరి. ఐఆర్‌సీటీసీ ఖాతాకు ఆధార్ లింక్ చేసే పని ఇప్పుడే పూర్తి చేసుకోండి.

రెండు, వయసు. 5 ఏళ్లలోపు పిల్లలకు బెర్త్ అడగకపోతే టికెట్ అక్కర్లేదు. 5 నుంచి 12 ఏళ్లలోపు వారికి బెర్త్ వద్దంటే సగం ఛార్జీ, బెర్త్ కావాలంటే పూర్తి ఛార్జీ. చైర్‌కార్, సెకండ్ సిట్టింగ్ రిజర్వేషన్‌లో ఆ సగం ఆప్షన్ ఉండదు. ఆడబోయే పిల్లాడికి మాత్రం రాత్రి ప్రయాణంలో పూర్తి బెర్త్ తీసుకోవాల్సిందే. నిద్ర లేకుండా కోర్టులోకి దిగితే మిగిల్చిన డబ్బు వృథా.

మూడు, క్లాస్. విజయవాడ, విశాఖలకు పగటి ప్రయాణమైతే రత్నాచల్, సింహాద్రి లాంటి రైళ్లలో సెకండ్ సిట్టింగ్ చాలు. వందేభారత్ రాజమండ్రిలో ఆగుతుంది, కానీ ఆ ఛార్జీలో తేడా చాలా ఉంటుంది. హైదరాబాద్ వైపు రాత్రి ప్రయాణానికి గోదావరి, గౌతమి, నర్సాపూర్ ఎక్స్‌ప్రెస్‌లలో స్లీపర్ సరిపోతుంది. అమలాపురానికి రైలు లేదు కాబట్టి కోనసీమ వాళ్లు రాజమండ్రి దాకా బస్సు ఖర్చు, సమయం కూడా లెక్కలో వేసుకోవాలి.

అసలు డబ్బు పోయేది తిరుగు టికెట్ దగ్గరే

నాకౌట్ టోర్నీలో పిల్లాడు మొదటి రోజే ఓడిపోవచ్చు, ఫైనల్‌కూ వెళ్లొచ్చు. ఫైనల్ రోజుకు తిరుగు టికెట్ తీసుకుంటే, తొందరగా ఓడినప్పుడు మిగతా రోజుల రూమ్, భోజనం ఖర్చు. ముందు రోజుకు తీసుకుంటే, గెలిచినప్పుడు టికెట్ రద్దు ఛార్జీ. ఎటు చూసినా నష్టమే.

దీనికి దారి ఏంటంటే.. వెళ్లేటప్పుడు రిజర్వేషన్, వచ్చేటప్పుడు ఓపెన్. రాష్ట్రం లోపలైతే తిరుగు ప్రయాణానికి ఆర్టీసీ ఎక్స్‌ప్రెస్‌నో, పగటి రైల్లో జనరల్ టికెట్‌నో నమ్ముకోవచ్చు. దూరమైతే మాత్రం ఫైనల్ రోజుకే కన్ఫర్మ్ టికెట్ పెట్టుకుని, ఓడిన వెంటనే రద్దు చేయాలి. ఆలస్యం అయ్యేకొద్దీ కోత పెరుగుతుంది. వెయిటింగ్ లిస్ట్ టికెట్‌తో స్లీపర్, ఏసీ బోగీలు ఎక్కడానికి వీల్లేదు.

చాలామందికి తెలియని సౌకర్యం ఇంకోటి ఉంది. నాన్న పేరుతో కన్ఫర్మ్ టికెట్ ఉంది, ఆయనకు సెలవు దొరకలేదు. అప్పుడు రద్దు చేయక్కర్లేదు. రైలు బయల్దేరడానికి 24 గంటల ముందు రిజర్వేషన్ కౌంటర్‌లో బంధుత్వం చూపే కార్డులతో దరఖాస్తు ఇస్తే అదే టికెట్‌ను అమ్మ పేరుకు మార్చుకోవచ్చు. స్కూల్ టీమ్ అయితే హెడ్‌మాస్టర్ లెటర్‌తో 48 గంటల ముందు ఒక విద్యార్థి బదులు మరొకరి పేరు మార్చే వీలుంది. అయితే గ్రూపులో 10 శాతం మందికే. చివర్లో సబ్‌స్టిట్యూట్ ప్లేయర్ మారినప్పుడు ఇది ఆదుకుంటుంది.

కారు తీస్తే లెక్క ఇలా

రాజమండ్రి నుంచి విజయవాడ వెళ్లి రావడం సుమారు 300 కిలోమీటర్లు. లీటరుకు 15 కిలోమీటర్లు ఇచ్చే కారైతే 20 లీటర్లు. లీటరు 110 రూపాయలు వేసుకున్నా పెట్రోల్‌కే 2,200 రూపాయలు. టోల్ అదనం. ఒక్క ప్లేయర్ కోసం ఇది దండగ. అదే నలుగురు ప్లేయర్ల పేరెంట్స్ పంచుకుంటే తలా 550. నలుగురు పిల్లలు, ఒక పెద్దాయన.. ఒక కారు. "ఈసారి మీరు, వచ్చేసారి మేం" అనే పద్ధతి టీమ్ వాట్సాప్ గ్రూప్‌లో మొదలుపెడితే ఇంటింటికీ సెలవులూ మిగులుతాయి. అమ్మాయిలుంటే తోడు వచ్చే పెద్దల్లో ఒక మహిళ ఉండేలా చూసుకోవాలి.

24 గంటల్లో తిరిగొచ్చేట్టయితే రెండుసార్లు విడిగా కట్టకుండా రానుపోను కలిపి ఒకటిన్నర రెట్లే టోల్ పడుతుంది. ఏడాదంతా తిరిగేవాళ్లకు ఫాస్టాగ్ వార్షిక పాస్ ఉంది. 2025 ఆగస్టు 15న 3,000 రూపాయలకు మొదలైన ఈ పాస్ సొంత కార్లకు జాతీయ రహదారుల మీద 200 ట్రిప్పులు లేదా ఏడాది, ఏది ముందైతే అంతవరకు పనిచేస్తుంది.

తిండి, బస.. ఇక్కడా మిగులుతుంది

కన్ఫర్మ్ రైలు టికెట్ ఉంటే పెద్ద స్టేషన్లలో రిటైరింగ్ రూమ్, డార్మిటరీ ఐఆర్‌సీటీసీలో బుక్ చేసుకోవచ్చు. ఊరిని బట్టి సత్రాలు ఉంటాయి. గ్రౌండ్‌కు నడిచి వెళ్లే దూరంలో రూమ్ కాస్త ఎక్కువైనా పర్వాలేదు. రోజుకు నాలుగుసార్లు ఆటో ఎక్కితే ఆ తేడా అక్కడే పోతుంది.

మొదటి రోజుకు ఇంటి నుంచే పులిహోర, చపాతీ, ఉడకబెట్టిన గుడ్లు. దారిలో రావులపాలెం తగిలితే అరటిపళ్లు ఒక అత్తం తీసుకుంటే రెండు రోజులు వస్తాయి. మ్యాచ్‌కు ముందు ఇంతకన్నా మంచి తిండి లేదు. తోడు వెళ్లిన పెద్దలకు ఏపీ పట్టణాల్లో అన్న క్యాంటీన్లు ఉన్నాయి.. టిఫిన్, భోజనం ఏదైనా 5 రూపాయలే. రైల్లో ఎలక్ట్రిక్ కెటిల్ మాత్రం పెట్టొద్దు, అది నిషేధం.

చివరిగా కాగితాలు. పుట్టిన తేదీ సర్టిఫికెట్, ఆధార్, స్కూల్ బోనఫైడ్, ఫొటోలు.. ఒరిజినల్స్, రెండు సెట్ల జిరాక్స్‌లు ఒకే ఫైల్‌లో ఉండాలి. వయసు రుజువు లేక టేబుల్ దగ్గరే వెనక్కి పంపితే ప్రయాణం ఖర్చు మొత్తం పోయినట్టే.

ఏడాది మొదట్లోనే కోచ్‌తో కూర్చుని, ఆడాల్సిన టోర్నీలు ఏవో మూడు నాలుగు రాసుకోండి. నెలకు 500 పక్కన పెడితే ఏడాదికి 6,000. సెలెక్షన్ మెసేజ్ వచ్చిన రోజు అప్పు కోసం వెతకక్కర్లేదు. అమ్మాయి బ్యాగ్ సర్దుకుంటుంటే "ఈసారికి వద్దులే తల్లీ" అనాల్సిన పని ఉండదు.

గమనిక: రైలు, బస్సు ఛార్జీలు, నిబంధనలు మారుతుంటాయి. బయల్దేరే ముందు రైల్వే ఎంక్వైరీ 139లో, దగ్గర్లోని ఆర్టీసీ డిపోలో ఒకసారి కనుక్కోండి.