గోరంతే... నడకే మార్చేస్తుంది!

రాత్రి పదకొండు దాటింది. నానక్‌రామ్‌గూడలో ఓ పన్నెండో అంతస్తు ఫ్లాటు. అమెరికా వాళ్లతో ఫోన్ మీటింగ్ అప్పుడే ముగిసింది. ఇల్లంతా నిశ్శబ్దం. ఇంతలో హాల్లోంచి... టిక్ టిక్ టిక్ టిక్!

దొంగ కాదు. దాహమేసి నీళ్ల గిన్నె దగ్గరికి బయల్దేరిన ల్యాబ్రడార్. ఆ చప్పుడు వింటే చాలామందికి ముద్దే. 'వస్తున్నాడు మావాడు' అని మురిసిపోతారు. కానీ పెట్ గ్రూమర్ చెవికి అదే చప్పుడు ఇంకోలా వినిపిస్తుంది. నడుస్తుంటే గోళ్లు నేలకు కొట్టుకుంటున్నాయంటే, అవి ఉండాల్సిన దానికన్నా పెరిగిపోయాయని అర్థం.

'గోళ్లు తీయించడానికి మనిషిని పిలుస్తారా? మా ఊళ్లో కుక్కలకి ఎవరు తీశారు?' ఇంట్లో ఓ తాతయ్యో అమ్మమ్మో ఉంటే ఈ ప్రశ్న తప్పదు. న్యాయమైన ప్రశ్నే! ఊరి కుక్కలకు గోళ్లు తీసేది నేల. గరుకు మట్టిలో, రాళ్లలో రోజంతా తిరిగే కుక్కకు పెరిగిన గోరు పెరిగినట్టే అరిగిపోతుంది. నానక్‌రామ్‌గూడ కూడా ఒకప్పుడు రాళ్ల గుట్టల ఊరే. ఆ తర్వాత ఫైనాన్షియల్ డిస్ట్రిక్టు వచ్చింది, ఔటర్ రింగ్ రోడ్డు వచ్చింది. 2019లో అమెజాన్ క్యాంపస్, 2023లో అమెరికా కాన్సులేట్ కొత్త భవనం వచ్చాయి. వాటి చుట్టూ ఆకాశాన్నంటే అపార్ట్‌మెంట్లు. వాటిలో ఉండే కుక్కకు తెలిసిన నేల ఏంటి? నున్నటి టైల్స్, లిఫ్టు, సెల్లారు, కాస్త పచ్చిక. కుక్కల కోసమే జీహెచ్ఎంసీ 2018లో కొండాపూర్‌లో పార్కు తెరిచింది. అక్కడ హాయిగా పరిగెత్తొచ్చు. అయితే పచ్చిక మీద ఎంత పరిగెత్తినా గోళ్లు పెద్దగా అరగవు.

పోనీ, తారు రోడ్డు మీద నడిపిద్దామా అంటే... ఉదయం చల్లటి వేళ అయితే ఫర్వాలేదు. ఏప్రిల్, మే నెలల్లో మధ్యాహ్నం మాత్రం వద్దు. అరచేతి వెనుక భాగాన్ని రోడ్డుకు ఆనించి చూడండి. ఏడు సెకన్లు ఉంచలేకపోతే ఆ రోడ్డు కుక్క పాదాలనూ కాల్చేస్తుంది.

అందం కోసం కాదు

గోరు పెరిగితే ఏమవుతుంది? అడుగేసినప్పుడల్లా అది నేలకు తగిలి వేలిని పైకి నెడుతుంది. ఆ ఇబ్బంది తప్పించుకోవడానికి కుక్క బరువును వెనక్కి వేసి నడవడం మొదలుపెడుతుంది. వేళ్లు విచ్చుకుంటాయి. టైల్స్ మీద పట్టు దొరక్క కాళ్లు జారతాయి. కుర్రకుక్క ఎలాగో నెట్టుకొస్తుంది. తుంటి కీళ్ల జబ్బు ఉన్న వయసు మళ్లిన ల్యాబ్రడార్‌కు మాత్రం లేచి నిలబడటమే గండం. 'ముసలిదైంది, అందుకే నడవట్లేదు' అనుకుంటాం. అసలు కారణంలో సగం గోళ్లలో ఉండొచ్చు.

అన్నిటికన్నా మోసకారి గోరు ఇంకొకటుంది. ముందు కాళ్లకు లోపలివైపు, కాస్త పైన మన బొటనవేలిలా ఉంటుంది. డ్యూక్లా అంటారు. నడుస్తున్నప్పుడు సాధారణంగా నేలకు తగలదు కాబట్టి ఎంత తిరిగే కుక్కకైనా అది పెద్దగా అరగదు. షిట్జూలాంటి బొచ్చు కుక్కల్లో అయితే కంటికే కనిపించదు. అలా పెరిగి పెరిగి, ఉంగరంలా వంపు తిరిగి చర్మంలోకే దిగుతుంది. కుంటుతున్న కుక్కను తీసుకెళ్తే, బొచ్చు పక్కకు తీసిన డాక్టరు చూపించేదాకా ఇంట్లో ఎవరికీ తెలియని సందర్భాలున్నాయి.

చుక్క కనిపిస్తే ఆగాలి

చూడ్డానికి చిన్న పనే. భయమంతా రక్తం దగ్గరే. గోరు లోపల రక్తనాళం, నరం కలిసి ఉండే మెత్తని భాగాన్ని క్విక్ అంటారు. తెల్లగోరులో అది గులాబీ రంగులో బయటికే కనిపిస్తుంది. నల్లగోరులో ఆ సౌకర్యం లేదు. అందుకే చేయి తిరిగినవాళ్లు ఒక్కసారిగా కత్తిరించరు. కొబ్బరి తురిమినట్టు కొంచెం కొంచెంగా తీస్తూ, ప్రతిసారీ తెగిన చోటు చూసుకుంటారు. మొదట సుద్దలా పొడిగా ఉంటుంది. మధ్యలో నల్లటి చుక్క కనిపించిందా... అక్కడ ఆగిపోవాలి. ఇంకో ముక్క తీస్తే క్విక్కే!

పొరపాటున తెగితే? ఒకప్పుడు గడ్డం గీస్తూ గాటు పడితే మంగలి పటిక రుద్దేవాడు గుర్తుందా? గ్రూమర్ల దగ్గరుండే స్టిప్టిక్ పౌడర్ చేసేదీ ఆ పనే. ఇంట్లో అయితే కార్న్‌ఫ్లోర్ అద్ది కొన్ని నిమిషాలు నొక్కి పట్టుకోవాలి. అప్పటికీ ఆగకపోతే డాక్టరు దగ్గరికి వెళ్లాల్సిందే. రక్తం ఎలాగూ ఆగుతుంది. నొప్పే గుర్తుండిపోతుంది. ఆ తర్వాత కత్తెర చూస్తేనే కుక్క మంచం కిందికి దూరుతుంది. ఇంట్లోవాళ్లూ భయపడి నెలల తరబడి వదిలేస్తారు. గోరుతో పాటు లోపలి క్విక్కూ పొడవవుతుంది. ఈసారి తీయడం ఇంకా కష్టం. విరుగుడు ఒక్కటే... వారం పది రోజులకోసారి కాస్తంత చొప్పున తీయడం. అప్పుడు క్విక్ మెల్లగా వెనక్కి తగ్గుతుంది. మామూలుగా అయితే మూడు నాలుగు వారాలకోసారి చాలు.

మనుషుల నెయిల్‌కట్టర్ మాత్రం వాడొద్దు. గుండ్రటి గోరు దాంట్లో నలిగి చీలిపోతుంది. గోళ్లను రాపిడితో అరగదీసే చిన్న మిషన్లూ ఉన్నాయి. నల్లగోళ్లకు అవి నయం. కానీ చప్పుడు ఎక్కువ. ఒకే చోట ఆపకుండా పెడితే వేడెక్కుతుంది కూడా.

ఒకప్పుడు పల్లెల్లో ఎద్దును తాళ్లతో పడేసి, కాళ్లు కట్టి, గిట్టలు చెక్కి నాడాలు కొట్టేవారు. కుక్క దగ్గర ఆ బలం పనికిరాదు. నలుగురు పట్టుకుని గోళ్లు తీస్తే ఆ రోజుకు పని అవుతుంది, తర్వాత మళ్లీ చేయనివ్వదు. మంచి గ్రూమర్ రాగానే కత్తెర తీయడు. ముందు పాదం నిమురుతాడు, వేళ్లు నొక్కుతాడు, ఏదో తినిపిస్తాడు. రెండు గోళ్లు తీశాక కుక్క వణికిపోతుంటే మిగతావి రేపటికి వదిలేస్తాడు. రక్తం ఆపే పొడి దగ్గరుందా, ఒక కుక్కకు వాడిన కత్తెరను శుభ్రం చేశాకే ఇంకోదానికి వాడుతున్నారా, పని జరిగేటప్పుడు మిమ్మల్ని పక్కన ఉండనిస్తారా... ఈ మూడూ అడగడానికి మొహమాటపడొద్దు. బాగా బెదిరే జంతువుకు మత్తిచ్చి తీయాల్సి వస్తే అది పశువైద్యుల పని, గ్రూమర్లది కాదు.

సోఫా కోసం వేళ్లా?

పిల్లి లెక్క వేరు. ముందు కాలికి అయిదు, వెనక కాలికి నాలుగు... మొత్తం పద్దెనిమిది గోళ్లు. అవసరం లేనప్పుడు లోపలికి ముడుచుకుంటుంది కాబట్టి టిక్‌టిక్‌లు వినపడవు. సోఫా గీకేది మీ మీద కోపంతో కాదు. పాతబడిన పై పొరను ఊడగొట్టుకోవడానికి, తన చోటని గుర్తు పెట్టుకోవడానికి. కొబ్బరితాడు చుట్టిన స్తంభం ఒకటి పెడితే సోఫాకు కాస్త ఊరట. వేలిని మెల్లగా నొక్కితే గోరు బయటికొస్తుంది. వాడిగా ఉన్న కొసను మాత్రమే తీయాలి. కీళ్లనొప్పులున్న ముసలి పిల్లులు గీకడం తగ్గించేస్తాయి. వాటి గోళ్లు మందమై పాదంలోకి గుచ్చుకుంటాయి. వాటిని తరచూ చూస్తుండాలి.

అమెరికాలో చాలాకాలం పిల్లులకు డీక్లాయింగ్ ఆపరేషన్ చేయించడం మామూలు విషయం. దాంట్లో తీసేది గోరొక్కటే కాదు, ప్రతి వేలి చివరి ఎముకను కూడా! గోటితో పోయేదానికి గొడ్డలి అంటే అచ్చంగా ఇదే. న్యూయార్క్ రాష్ట్రం 2019లో దాన్ని నిషేధించింది. ఆ దేశంలో ఆ పని చేసిన తొలి రాష్ట్రం అదే.

ఒక మాట. గోళ్లు తీయించాం కదా అని రేబిస్ టీకా మానకూడదు. గోరు గీరుకున్నా సబ్బు, నీళ్లతో పదిహేను నిమిషాలు కడిగి డాక్టరుకు చూపించుకోవాలి.

శనివారం వస్తే గ్రూమింగ్ వ్యాన్లు అపార్ట్‌మెంట్ల గేటు దగ్గర ఆగుతుంటాయి. ల్యాబ్రడార్ తోక ఊపుతూ లిఫ్టు దగ్గరికి వెళ్తుంది. పర్షియన్ పిల్లి మాత్రం పెట్టె తీసిన చప్పుడు వినగానే అల్మరా వెనక్కి చేరిపోయి ఉంటుంది. తువ్వాలు పట్టుకుని ఇంటిల్లిపాదీ వెతకాల్సిందే. దొరికాక ఒక కాలి గోళ్లు తీయనిస్తే, ఆ వారానికి అదే గొప్ప!