సహాయక వలస

సహాయక వలస అనగా వాతావరణ మార్పు వలన సొంత ఆవాసంలో మనుగడ కోల్పోతున్న జీవజాతిని, అది మునుపు నివసించని వేరొక అనుకూల ప్రాంతానికి మానవులు తరలించి స్థిరపరచే ప్రక్రియ. పూర్వం నివసించిన చోటికే జీవులను తిరిగి తేవడం దీని క్రిందకు రాదు. దానిని పునఃప్రవేశం అంటారు.

అవసరం

భూమి వేడెక్కినప్పుడు జీవజాతులు క్రమంగా ధ్రువాల వైపుకు గాని, కొండల పైభాగాలకు గాని తరలిపోతాయి. ప్రస్తుతం ఉష్ణోగ్రత వేగంగా పెరుగుతోంది. పొలాలు, రహదారులు, నగరాలు దారికి అడ్డుగా ఉన్నాయి. చిన్న దీవులలోను, పర్వత శిఖరాలపైన, విడివిడిగా ఉన్న చిత్తడి నేలలలోను బ్రతికే జీవులకు వెళ్ళేందుకు చోటు ఉండదు.

పశ్చిమ చిత్తడి తాబేలు

ఆస్ట్రేలియాలోని పెర్త్ నగర సమీపంలో మాత్రమే సహజంగా కనిపించే ఈ తాబేలు శాస్త్రీయ నామం సూడెమిడ్యూరా అంబ్రైనా. అంతరించిందని భావించిన ఈ జాతి 1953లో మళ్ళీ కనబడింది. శీతాకాలపు వానలకు నిండి వేసవిలో ఎండిపోయే మడుగులు దీని ఆవాసం. నీరున్న నెలలలోనే ఇది ఆహారం తిని ఎదుగుతుంది. 1970ల నుండి అక్కడ వర్షపాతం తగ్గడంతో మడుగులు త్వరగా ఎండిపోతున్నాయి. అందువలన 2016 ఆగస్టులో పెర్త్ జంతుప్రదర్శనశాలలో పెంచిన 24 పిల్ల తాబేళ్ళను సుమారు 300 కి.మీ. దక్షిణాన, ఆగస్టా, నార్త్‌క్లిఫ్ పట్టణాల సమీపంలో ప్రయోగాత్మకంగా విడిచిపెట్టారు. అక్కడ వానలు ఎక్కువ, కాని నీరు చల్లన. ఆ చల్లదనంలో పిల్లలు తగినంత ఎదుగుతాయా అన్నదే ప్రయోగంలోని ముఖ్య ప్రశ్న.

ఇతర ఉదాహరణలు

* ఇంగ్లండులో 1999, 2000 సంవత్సరాలలో రెండు జాతుల సీతాకోకచిలుకలను వాటి ఉత్తరపు హద్దుకు ఆవల విడిచిపెట్టగా, రెండూ అక్కడ స్థిరపడ్డాయి.
* అమెరికాలో 2008లో ఫ్లోరిడా టొరేయా అనే అరుదైన చెట్టు మొక్కలను స్వచ్ఛంద కార్యకర్తలు ఉత్తర కరోలినా రాష్ట్రంలో నాటారు.

అభ్యంతరాలు

క్రొత్తగా వచ్చిన జీవి స్థానిక జీవులను తినవచ్చు, వాటి ఆహారానికి పోటీ రావచ్చు, వ్యాధులను మోసుకురావచ్చు. చెరకు పంటను తినే పురుగుల నివారణకు 1935లో ఆస్ట్రేలియాకు తెచ్చిన కేన్ టోడ్ అనే విషపు కప్ప అదుపు తప్పి వ్యాపించి, దానిని తిన్న స్థానిక జంతువులకు ప్రాణాంతకమైంది.

జాప్యం వలన నష్టం

తరలించకపోవడంలోనూ ప్రమాదముంది. ఆస్ట్రేలియా, పాపువా న్యూగినీల మధ్య సముద్రంలోని బ్రాంబుల్ కే అనే చిన్న దీవిలో మాత్రమే నివసించిన మెలోమిస్ అనే ఎలుక 2009 తరువాత కనబడలేదు. సముద్రపు నీరు పలుమార్లు దీవిని ముంచి, అది ఆధారపడిన మొక్కలను నాశనం చేయడమే ఇందుకు ముఖ్య కారణంగా భావిస్తున్నారు. 2014లో వెదికినపుడు ఒక్కటీ దొరకలేదు. 2019లో ఆస్ట్రేలియా ప్రభుత్వం ఈ జాతి అంతరించినట్లు ప్రకటించింది. అప్పటికి మరో దీవికి తరలించడానికి ఒక్క ఎలుక కూడా మిగలలేదు.

మార్గదర్శకాలు

అంతర్జాతీయ ప్రకృతి పరిరక్షణ సమితి (ఐ.యు.సి.ఎన్.) 2013లో ఈ విషయమై మార్గదర్శకాలు ప్రచురించింది. తరలించే ముందు లాభనష్టాలు బేరీజు వేయాలని, తరువాత ఆ జీవులను గమనిస్తూ ఉండాలని, పరిస్థితి విషమిస్తే ఏమి చేయాలో ముందే నిర్ణయించుకోవాలని ఇవి సూచిస్తాయి. 2023లో అమెరికా తన నిబంధనలను సవరించి, అంతరించే ప్రమాదమున్న జీవులను వాటి పూర్వ ఆవాసానికి వెలుపల కూడా ప్రయోగాత్మకంగా విడిచిపెట్టడానికి వీలు కల్పించింది.