బుజ్జి విమానం... బుద్ధిగా ఎగరాలంటే!

బాల్సా చెక్క కోసి, జిగురు పెట్టి అతికించి నెలల తరబడి తయారుచేసుకున్న విమానం పైకి లేచిన పది సెకన్లకే కుప్పకూలితే? రేడియో కంట్రోల్ విమానాల సరదా చాలామందికి మొదటిరోజే తీరిపోయేది ఇలాగే. ఎగరేయడం చేతకాలేదనుకుంటారు కానీ, చాలాసార్లు అసలు పొరపాటు నేలమీదే జరిగిపోతుంది.

గాలిపటానికి సూత్రం సరిగా కట్టకపోతే ఎంతటి ఆటగాడైనా ఏం చేయగలడు? విమానానికి గరిమనాభీ అంతే. నేర్చుకునేవారు వాడే తిన్నని రెక్కల విమానాల్లో అది రెక్క ముందు అంచు నుంచి దాని వెడల్పులో 25-33 శాతం దూరంలో ఉండాలి. బ్యాటరీ పెట్టాక అక్కడ రెండు రెక్కల కిందా వేళ్లు ఆనించి ఎత్తి చూడాలి. ముక్కు కాస్త వాలితే ఫర్వాలేదు. తోక వాలిందో... ఇక అది మాట వినదు! అప్పుడు ముందుగా బ్యాటరీని ముక్కువైపు జరపాలి. చాలకపోతేనే బరువు కట్టాలి.

తర్వాత రెక్కల అంచున కదిలే ఎయిలరాన్ల వంతు. స్టిక్‌ను కుడికి జరిపితే కుడి ఎయిలరాన్ పైకి లేవాలి. అటూఇటూ అయితే విమానం దక్కదు. చిటికెడు కదలికకే విమానం ఎగిరిపడుతోందా? రిమోట్‌లో 'డ్యూయల్ రేట్' తగ్గిస్తే మొత్తం కదలిక తగ్గుతుంది. 'ఎక్స్‌పో' పెడితే స్టిక్ మధ్యలో ఉన్నప్పుడు మాత్రమే స్పందన మెత్తబడుతుంది.

గాల్లోకి లేచాక రెండు తప్పులు చేసినా నేల తగలనంత ఎత్తుకు చేర్చి, సగం థ్రాటిల్‌లో స్టిక్ వదిలేయాలి. ఎటు వాలితే దానికి ఎదురుగా ట్రిమ్ జరపాలి.

అసలు పరీక్ష దిగేటప్పుడే. ఎత్తు తగ్గుతోందన్న కంగారులో ఎలివేటర్ లాగితే వేగం పడిపోయి ఒక రెక్క చటుక్కున వాలిపోతుంది. ముక్కు కిందికి దించి, థ్రాటిల్ పెంచాలి. మనవైపు వస్తున్న విమానానికి కుడిఎడమలు తారుమారవుతాయి. దానికో చిట్కా... ఏ రెక్క వాలితే స్టిక్‌ను అటే జరపడం!

ఇప్పుడు గాలి కుదుపుల్ని సర్దే గైరోలు చిన్న ఫోమ్ విమానాల్లోనూ వస్తున్నాయి. అవి సాయం చేస్తాయే తప్ప తప్పిన బరువును సరిచేయలేవు. ఎన్‌సీసీ ఎయిర్‌వింగ్ శిక్షణలో ఏరోమోడలింగ్ కూడా ఓ భాగం.

అన్నట్టు, విమానాశ్రయాల చుట్టుపక్కలా, జనమున్నచోటా ఈ సరదా వద్దు. ఖాళీ మైదానం, చూపు ఆనేంత దూరం, వేళ్లమీద ఒక్క నిమిషం తూకం... ఇవి చాలు, నెలల కష్టం క్షేమంగా ఇల్లు చేరడానికి!